కత్తెర కింద ఫోను

ఆ వానాకాలమంతా మా ఆవిడ ఫోను, గుంజకి కట్టేసిన గేదెలా, ముందుగదిలో స్విచ్చి బోర్డు కింద పడి ఉంది. గేదెకి తాడు విప్పితే నడుస్తుంది. దీనికి వైరు తీస్తే ప్రాణం పోయేది.

జబ్బు మొదట్లో చిన్నదే. ఛార్జరు పెడితే ఎక్కేది కాదు. వైరుని కాస్త ఎడమకి వంచి, పైకెత్తి, ఊపిరి బిగబట్టి వదిలితే ఎక్కేది. ఊపిరి వదలగానే మళ్ళీ దిగేది. వంచిన వైరు వంచినట్టే ఉండాలంటే దానిమీద ఏదైనా బరువు పెట్టాలి. మా అమ్మాయి కాలేజీలో సైన్సు చదువుతోంది కాబట్టి ఆ ప్రయోగాలన్నీ దానికే అప్పగించాం. లావుపాటి పుస్తకం పెట్టింది, ఉప్పు డబ్బా పెట్టింది, ఇస్త్రీ పెట్టె పెట్టింది. ఏదీ కుదరలేదు. చివరికి కుదిరింది ఒక్కటే, వాళ్ళమ్మ పెద్ద కత్తెర. దాని వేళ్ళు దూర్చే రింగులోంచి వైరు పోనిచ్చి, కత్తెరని గోడకి చేరవేస్తే ఫోను కళ్ళు తెరిచేది. అలా ఎక్కిన ఛార్జి కూడా మేలుకుని ఉండడానికే సరిపోయేది, దాచుకోవడానికి మిగిలేది కాదు. ఇంట్లో ఇంకో రెండు కత్తెర్లు లేకపోలేదు. ఒకటి మరీ తేలిక, రెండోదాని రింగులో వైరు దూరదు.

చిక్కంతా ఎక్కడంటే, మా ఆవిడ టైలరు. ముందుగదిలోనే మిషను. ప్యాంట్లు, గౌన్లు, కర్టెన్లు, ఎవరో లావైతే వదులు చేయడం, సన్నబడితే బిగించడం. సన్నబడి వచ్చినవాళ్ళు తక్కువ. పెద్ద కత్తెర ఫోను దగ్గరుంటే గుడ్డ తెగదు, గుడ్డ తెగుతుంటే ఫోను బతకదు.

సరిగ్గా అప్పుడే ఆవిడకో ఫోను రావలసి ఉంది.

ఊరి అవతల రెడీమేడ్ బట్టల కంపెనీ ఒకటుంది. అందులో కటింగు సూపర్వైజరు ఉద్యోగానికి మా ఆవిడ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. వచ్చాక గొడుగు ఆరబెడుతూ చెప్పింది.

"బాగా మెచ్చుకున్నారండీ. గీత గియ్యకుండా కాలరు కత్తిరించి చూపించా. లిస్టులో మొదటి పేరు నాదేనట. ఈ వానలు తగ్గేలోపు ఫోన్ చేస్తామన్నారు. రెండుసార్లు చేస్తారట. ఎత్తకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతారట."

"మంచిదేగా" అన్నాను. ఉద్యోగం మంచిదన్నానో, రెండుసార్లు చేయడం మంచిదన్నానో స్పష్టం చేయలేదు.

"పొద్దున ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రం ఆరు."

"మరి ఇంట్లో..."

"ఇంట్లో?"

"ఏం లేదు. ఇంట్లో ఇంకో గొడుగు ఉండాలి అంటున్నా."

పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ అదే గదిలో, అదే మిషను ముందు కూర్చుని కుట్టింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంటుంది. తాళంచెవి జేబులో వేసుకునే అలవాటు నాకు లేదు. ఇది ఊరికే చెబుతున్నాను.

ఫోను సంగతి నేను చూసుకుంటానన్నాను. నాది నీటి సరఫరా ఆఫీసులో స్టోర్స్ సెక్షను. మా దగ్గర చీపురు కొనాలన్నా, పాత చీపురుకి తాడు కట్టించాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి. చీపురు ఫైలు నాలుగేళ్ళుగా నడుస్తోంది. ఆఫీసు చీపురు లేకుండానే శుభ్రంగా ఉంది. ఎవరూ పెద్దగా కదలరు కాబట్టి దుమ్ము లేచే అవకాశం తక్కువ.

కాబట్టి ఇంటికి ఓ అట్ట తెచ్చి, రంధ్రాలు పొడిచి, ట్యాగు కట్టి, పైన రాశాను: విషయం: ఫోను. రిపేరా, కొత్తదా.

"రిపేరు షాపుకి తీసుకెళ్తే పోలా?" అంది మా ఆవిడ.

"ఏ షాపుకి? అదే కదా తేలాలి. తొందరపడి రిపేరు చేయిస్తే, తర్వాత కొత్తది కొనుంటే బాగుండేదనిపిస్తుంది. తొందరపడి కొత్తది కొంటే రిపేరు గుర్తొస్తుంది."

"తొందరపడకపోతే?"

"ఏ బాధా ఉండదు."

మా అమ్మాయి మిషను మీద కూర్చుని కాళ్ళూపుతూ అంది: "నాన్నా, అమ్మ సిమ్ము తీసి నీ ఫోన్లో వెయ్యి. నా దాంట్లో ఒక్కటే పడుతుంది గానీ నీ దాంట్లో రెండోదానికి చోటుంది. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల్లో అయిపోయే పనుల మీద నాకు ఉద్యోగంలో చేరిన రోజునుంచీ నమ్మకం లేదు.

"అప్పుడు మీ అమ్మ కస్టమర్లంతా ఆఫీసులో నాకు చేస్తారు. ఆఫీసరు ముందు నిలబడి ఉండగా ఎవరో 'నడుం దగ్గర వదులు చెయ్యండి' అంటే నేనేం కావాలి?"

"కంపెనీ వాళ్ళు చేసేదాకానేగా నాన్నా!"

ఫైలు మొదటి పేజీలో రాశాను: అమ్మాయి సూచన, సిమ్ము మార్చుట. అవసరం లేదు. కింద సంతకం పెట్టి తేదీ వేశాను. కుటుంబంలో అందరి మాటా వినాలన్నది నా పద్ధతి.

మొదటి కొటేషను మా బావమరిది. ఏటా కొత్త ఫోను కొంటాడు. కొన్నాక దాని ముఖానికున్న ప్లాస్టిక్ కాగితం తియ్యడు, గీతలు పడతాయని. గీతలు ఆ కాగితం మీద పడుంటాయి కాబట్టి అతనికి ఏ ఫోనులోనూ ఏమీ సరిగ్గా కనపడదు.

"బావగారూ, దీన్ని తీసుకెళ్ళి ఏ మ్యూజియంలోనో ఇచ్చేసి రండి. రిపేరేంటండీ, నవ్విపోతారు! దీనికి వెనక కెమెరా ఒక్కటే."

"మీ అక్కయ్యకి కావలసింది ఫోను ఎత్తడం."

"ఎత్తడానికైనా సరే, మంచిది ఉండాలి కదండీ. కానీ ఇప్పుడు కొనకండి. పది రోజులాగండి. కొత్త మోడలొస్తోంది. అది రాగానే దీని ముందుది దిగొస్తుంది."

ఆగడంలో నాకు అభ్యంతరం ఉండదని అతనికి తెలుసు. పది రోజులయ్యాక కొత్త మోడలొచ్చింది. ఇంకో పది రోజులాగితే దాని అన్నయ్య వస్తున్నాడన్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఫోన్లు కొనడం తప్ప ఎప్పుడైనా ఎవరికైనా చేశావురా?" అని అడిగింది మా ఆవిడ.

"అదేంటక్కా, నేను మెసేజీ పెడతాగా."

రెండో కొటేషను మా ఆఫీసు టైపిస్టు. ఆయన ఫోను వయసు తొమ్మిదేళ్ళు. మూడు రబ్బరు బ్యాండ్లతో కట్టి ఉంటుంది. ఫోను రాగానే ఒక్కో బ్యాండూ విప్పుతాడు. మూడోది విప్పేసరికి అవతలివాళ్ళు పెట్టేస్తారు.

"కొత్తవి కొనకండి సార్. ఇప్పటివి అరటిపళ్ళు. కొన్నరోజు బాగుంటాయి, మర్నాడు మచ్చలు. రిపేరే చేయించండి."

"ఎక్కడ చేయిస్తే మంచిదంటారు?"

"అది మాత్రం నాకు తెలీదండీ. నేనెప్పుడూ చేయించలేదు."

రెండూ నోట్ చేసుకున్నాను. ఒకటి కొనమంటోంది, ఒకటి వద్దంటోంది. ఆఫీసు భాషలో దీన్ని ఆరోగ్యకరమైన పోటీ అంటారు.

ఈలోగా ఇంట్లో కొత్త పద్ధతొకటి నిలబడిపోయింది. కంపెనీ ఫోను వస్తే పొద్దున తొమ్మిదికీ సాయంత్రం ఆరుకీ మధ్యే రావాలి. కాబట్టి ఆ వేళల్లో కత్తెర గోడ దగ్గరే. మా ఆవిడ తెల్లవారుతూనే లేచి, తొమ్మిదిలోపు ఆ రోజుకి కావలసిన గుడ్డలన్నీ కత్తిరించి పెట్టుకునేది. మధ్యలో ఎవరైనా కొత్త గుడ్డ తెస్తే, "రేపు పొద్దున కత్తిరిస్తా" అనేది. "కత్తెర ఖాళీ లేదా?" అని ఒకావిడ వెటకారంగా అడిగింది. "లేదండీ" అంది మా ఆవిడ, గోడ వైపు చూపించి. ఆ వచ్చినావిడ గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది. అలాంటివాళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురు.

ఫోను మోగితే అందరం పరిగెత్తి గోడ దగ్గర గొంతుక్కూర్చునేవాళ్ళం. వైరు జానెడు కాబట్టి చెంప నేలకి ఆనించి మాట్లాడాలి. మా ఆవిడ అలా పడుకుని, "ఆ, చెప్పండీ, మోకాలి దాకానా, ఇంకా కిందికా?" అని అడుగుతుంటే, బయటినుంచి చూసేవాళ్ళకి డాక్టరుతో మాట్లాడుతున్నట్టుండేది.

ప్రతి సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే అడిగేది.

"ఫైలు ఎందాకా వచ్చింది?"

"పరిశీలనలో ఉంది."

"పోనీ కంపెనీకి నేనే చేసి, మీ నంబరు కూడా రాసుకోమని చెప్పనా?"

"నువ్వెందుకు, అడుక్కున్నట్టుంటుంది. నేను ఉత్తరం రాస్తాగా."

రాశాను కూడా. మంచి ఉత్తరం. మొదటి చిత్తులో 'మనవి' అని ఉంది. రెండో చిత్తులో 'కోరడమైనది' చేశాను. మూడో చిత్తు ఫైల్లో భద్రంగా ఉంది.

మూడో కొటేషను కోసం ఓ ఆదివారం ఫోను తీసుకుని దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళ సర్వీసు సెంటరుకి వెళ్ళాను. చల్లటి గది, టోకెను, మెత్తటి కుర్చీ. నా వంతు వచ్చాక ఓ టై కట్టుకున్నాయన ఫోనుని రెండు వేళ్ళతో పైకెత్తి చూశాడు.

"ఈ మోడలుకి సపోర్టు తీసేశాం సార్."

"అంటే?"

"అంటే, ఇక ఇది మా పిల్ల కాదు."

"కన్నది మీరేగా?"

"ఆరేళ్ళయింది కద్సార్. పెంచే బాధ్యత మీదే. వదిలి వెళ్తే చూస్తాం, పది రోజులు పట్టొచ్చు."

"పది రోజులు వదల్లేం. రిపేరుకి ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వండి."

"కాగితమా?" ఆయన టేబుల్ మీద అటూ ఇటూ వెతికాడు. అక్కడ కాగితమే లేదు. "హెడ్డాఫీసు నుంచి పోస్టులో పంపిస్తాం సార్" అన్నాడు, నన్ను లేపడానికి.

నేను అడ్రసిచ్చి వచ్చాను. ఆ ఉత్తరం వస్తేగానీ ఫైలు కదలదు. అందులో నా తప్పేమీ లేదు.

ఆ గురువారం నాకు జలుబు. సెలవు పెట్టాను. మా ఆవిడకి ఓ డాక్టరమ్మ ఇంట్లో కర్టెన్లు తగిలించే పని ఉంది. నెల్లాళ్ళుగా వాయిదా వేస్తోంది, ఫోను వదిలి కదల్లేక. నేనున్నానుగా, వెళ్ళి రమ్మన్నాను.

"ఫోనొస్తే ఎత్తండి. ఆవిడ బయటికెళ్ళింది, గంటలో మాట్లాడుతుందని చెప్పండి చాలు."

"సరే."

"కత్తెర ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటాను? నేనేమైనా గౌను కుట్టాలా?"

నాలుగ్గంటలు దాటాక పోస్టొచ్చింది. హెడ్డాఫీసు నుంచి. వాళ్ళు నిజంగా పంపుతారని నేను కూడా అనుకోలేదు. దళసరి కవరు, నాలుగు వైపులా టేపు. గోళ్ళతో గీకాను. పళ్ళతో పట్టి లాగాను, జలుబుకి ఊపిరాడలేదు. చింపితే లోపలి కాగితం చిరుగుతుంది. చిరిగిన కొటేషను చెల్లదు. ఆ చిన్న కత్తెర్లు రెండూ ఎక్కడున్నాయో తెలీదు. పెద్ద కత్తెర ఎక్కడుందో తెలుసు.

అర నిమిషం అనుకున్నాను.

కవరు వెన్నలా తెగింది. లోపల ఒక్కటే వాక్యం: మీరు తెలిపిన మోడలుకు విడిభాగాలు మా వద్ద లేవని తెలియజేయడమైనది. ధర లేదు. ధర లేనిది కొటేషను కిందికి వస్తుందా రాదా అని కాసేపు ఆలోచించాను. వస్తుందనే నిర్ణయించి, పేజీకి రంధ్రాలు పొడిచి, ట్యాగు విప్పి, ఉత్తరమూ కవరూ రెండూ గుచ్చి, ట్యాగు కట్టి, మూలన పన్నెండు అని నంబరు వేసి, 'అందినది' అని తేదీ రాశాను. పని చేస్తే శుభ్రంగా చేయాలి. అప్పుడు కత్తెర గుర్తొచ్చింది.

మళ్ళీ గోడకి చేరవేశాక ఫోను లేవడానికి ఓ కప్పు టీ తాగేంత సేపు పట్టింది. లేవగానే మెసేజీ వచ్చింది. మీ ఫోను ఆగి ఉన్నప్పుడు ఈ నంబరు నుంచి రెండు కాల్స్ వచ్చాయి. నాలుగూ ఇరవై. నాలుగూ ఇరవై మూడు.

అప్పుడు టైము ఐదుకి పది నిమిషాలు. తిరిగి చేద్దామని వంగాను. కానీ నాకు ఆఫీసుల సంగతి తెలుసు. ఐదుకి పది నిమిషాలప్పుడు ఫోను చేసేవాణ్ణి ఎవరూ ఇష్టపడరు. రేపు చేస్తే మర్యాదగా ఉంటుందనిపించింది.

మా ఆవిడ తడిసి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోంచే అడిగింది.

"ఏమైనా ఫోనొచ్చిందా?"

"లేదు" అన్నాను.

ఫోను రాలేదన్నది అక్షరాలా వాస్తవం. చచ్చి ఉన్న ఫోనుకి ఫోను ఎలా వస్తుంది? మెసేజీ వచ్చిందా అని ఆవిడ అడగలేదు. అడిగినా అప్పటికి అందులో మెసేజీ లేదు.

శుక్రవారం వాళ్ళు పనిలో ఉంటారనిపించింది. శనివారం సగం రోజే.

సోమవారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే మా ఆవిడ ఫోనూ, వైరూ, కత్తెరా సంచిలో వేసుకుంటోంది.

"ఎక్కడికి?"

"రిపేరుకి. తాళంచెవులు చేసే అతని పక్కన ఒకావిడ కూర్చుంటుంది, చూశారా? మీరొస్తే రండి, లేకపోతే మానండి."

"ఫైలు పూర్తవలేదుగా."

"దాన్నీ తీసుకురండి, ఎండబెట్టొచ్చు."

ఆ రోజు వాన లేదు. నేను సగం రోజు సెలవు చెప్పి వెంట వెళ్ళాను.

రిపేరావిడ దుకాణం రెండు షాపుల మధ్య సందు. ఓ బల్ల, ఓ దీపం, ముక్కు చివర కళ్ళజోడు. ఫోను తీసుకుని, ఛార్జరు పెట్టే రంధ్రంలోకి దీపం వేసి చూసింది. నేను ఫైలు తెరిచాను.

"ఇదిగోండి, ఇప్పటిదాకా మూడు అభిప్రాయాలు..."

ఆవిడ నా వైపు చూడలేదు. బల్ల మీంచి ఓ సూది తీసింది. రంధ్రంలో పెట్టి మెల్లిగా తిప్పి లాగింది. దూది ముద్దలాంటిది ఊడొచ్చింది. మళ్ళీ పెట్టి లాగింది. నూలు పీచు, దారప్పోగులు, ఎర్రటివి, పచ్చటివి, డాక్టరమ్మ కర్టెన్ల గోధుమ రంగువి. చిన్న పిచ్చుక గూడంత అయింది. వైరు పెట్టింది. టక్ మని ఎక్కింది. ఎడమకి వంచలేదు, కత్తెర పెట్టలేదు.

"ఇంట్లో ఎవరైనా టైలరున్నారామ్మా?"

"నేనే" అంది మా ఆవిడ.

"మరి సూది లేదూ మీ ఇంట్లో?"

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. బల్ల పట్టుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. మా ఇంట్లో నాలుగొందల సూదులుంటాయి. కుర్చీలో కూర్చునే ముందు చెయ్యి పెట్టి చూసుకుని కూర్చునే ఇల్లది.

రిపేరావిడ డబ్బులు వద్దంది. నేను రాయబోయే వాక్యం కోసం ఫైల్లో చోటు చూస్తుంటే, నా చొక్కా జేబులోంచి బయటికి కనపడుతున్న నా ఫోనుని చూసింది.

"ఈ మోడల్లో రెండు సిమ్ములు పడతాయి కద్సార్. ఇన్నాళ్ళూ మేడం సిమ్ము దీంట్లో వేసుకోవలసింది."

నేను ఫైలు మూసేశాను. మా ఆవిడ నవ్వు అప్పటికే ఆగిపోయింది.

కాసేపు ఛార్జి ఎక్కనిచ్చి, అక్కడే, ఆ సందులోనే నిలబడి, ఆవిడ కంపెనీకి ఫోను చేసింది. వైరు లేకుండా నిటారుగా నిలబడి మాట్లాడడం చూసి చాలా రోజులైంది. నాకు ఇవతలి మాటలే వినపడ్డాయి.

"నమస్కారమండీ... అవునండీ, ఆ కాలరు... గురువారమా?"

నా వైపు చూడలేదు. బల్ల మీదున్న పీచు ముద్దని వేలితో అటూ ఇటూ దొర్లించింది.

"లేదండీ, తెలీలేదు. ఓహో... పర్లేదండీ. అదైనా సరే. వస్తానండీ."

ఫోను సంచిలో వేసుకుంది.

"ఆ పోస్టు లిస్టులో రెండో పేరున్న ఆవిడకి ఇచ్చేశారట. కటింగు టేబుల్ దగ్గర ఇంకొకరు కావాలట. ఆవిడ కింద. వచ్చే సోమవారం నుంచి."

"ఆలోచించి చెబుతాననకపోయావా?"

"ఆలోచించడానికి మీరున్నారుగా."

దారిలో డాక్టరమ్మ కర్టెన్ల గురించి మాట్లాడింది. కింద బెత్తెడు పొడుగొచ్చాయట, మళ్ళీ మడవాలట. గురువారం గురించి ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి రెండు మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆ వారమంతా అడగలేదు. జవాబులు అలాగే ఉండిపోయాయి.

ఆదివారం సాయంత్రం ఆవిడ మర్నాటికి సంచి సర్దుకుంటూ అంది: "ఆ ఫైలు ఇలా ఇవ్వండి."

మిషను ముందు కూర్చుని మొదటి పేజీ నుంచీ చదివింది. పద్దెనిమిదేళ్ళలో నా పని ఆవిడ చదవడం అదే మొదటిసారి.

"చేతిరాత బాగుంది మీది" అంది.

మొదటి పేజీ దగ్గర, 'అవసరం లేదు' దగ్గర కాసేపు ఆగింది. బావమరిదిని దాటింది, టైపిస్టుని దాటింది, ఉత్తరం మూడు చిత్తులూ చదివింది. పన్నెండో పేజీకి వచ్చింది. 'అందినది' కింద తేదీ చూసింది. తర్వాత కవరు పైకెత్తి, తెగిన అంచు మీద బొటనవేలు మెల్లిగా ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించింది, కస్టమరు తెచ్చిన గుడ్డ చూసినట్టే. ఎక్కడా వంకర లేదు, పీచు లేవలేదు. అలా కోసే కత్తెర మా ఇంట్లో ఒక్కటే.

"పెన్నివ్వండి."

ఇచ్చాను. ఆ పేజీ కింద, ఖాళీగా ఉన్న చోట, నిదానంగా రాసింది: గురువారం సాయంత్రం రెండు ఫోన్లు వచ్చాయి. ఫైల్లో రాయలేదు.

ఫైలు నా వైపు తిప్పింది.

"సంతకం పెట్టండి."

"ఎక్కడ?"

"మీరెప్పుడూ పెట్టేచోటే."

'చూశాను' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఆవిడ ట్యాగు బిగించి కట్టి, అట్ట మూసి, నాకిచ్చేసింది. గోడ దగ్గరున్న స్టూలు మీంచి తాళంచెవి తీసి ఫైలు మీద పెట్టింది. తర్వాత పెద్ద కత్తెరని ఓ గుడ్డముక్కలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"రేపట్నుంచి మీ కవర్లు పళ్ళతోనే చింపుకోండి" అంది.